మారతహళ్లి తత్వశాస్త్ర తరగతి: రాజ్యాన్ని ప్రశ్నించడం ఎలా నేర్పుతున్నారు?

బెంగళూరు మారతహళ్లిలో తెలుగువాళ్ల కోసం ఆదివారాలు నడిచే ఈ తరగతి సోక్రటీస్ విచారణతో మొదలవుతుంది. ఎంపిక చాలా బాగుంది. క్రీ.పూ. 399లో ఏథెన్స్ ఆయన్ని దోషిగా తేల్చిన ఓటింగులో 30 ఓట్లు ఇటు పడుంటే బయటపడేవాడని ప్లేటో రాశాడు. నగరాన్ని అంతగా నిలదీసిన ఆ మనిషే, మిత్రులు జైలు నుంచి తప్పిస్తామంటే చట్టాన్ని కాదని రానన్నాడు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివిస్తారు. తత్వవేత్త విమర్శ సమాజానికి ఎందుకు మేలో అక్కడే తెలిసిపోతుంది.

పద్ధతి కూడా గట్టిదే. పేరా పైకి చదవాలి, అందులోని వాదాన్ని సొంత మాటల్లో చెప్పాలి, ఆ తర్వాతే అభ్యంతరం.

లోపం ఒకటుంది, చిన్నది కాదు. రాజ్యం వేరు, ప్రభుత్వం వేరు అని ముందే విడదీయరు. పోలీసు, కోర్టు, పన్ను రాజ్యానివి. ఎన్నికల్లో మారేది ప్రభుత్వం. ఇది చెప్పకపోవడంతో చర్చ కాసేపటికే పార్టీల గొడవలోకి జారిపోతుంది. బోర్డు మీద రెండు వరసలు గీసి, ప్రతి విమర్శ ఎటు చెందుతుందో రాయిస్తే సరిపోతుంది.

1962 నాటి కేదార్‌నాథ్ సింగ్ తీర్పు పాఠాల్లో లేకపోవడం అన్యాయం. హింసకు, అశాంతికి పురిగొల్పనంతవరకు ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా రాజద్రోహం కాదని సుప్రీంకోర్టు అందులోనే చెప్పింది. రాజకీయాల్లో భక్తి, అంటే నాయకుణ్ణి గుడ్డిగా ఆరాధించడం, నియంతృత్వానికి దారి అని 1949 నవంబరు 25న అంబేద్కర్ చేసిన హెచ్చరికనూ కలపాలి.

పాఠ్యప్రతులు ఇంగ్లిష్‌లోనే ఇస్తారు. ముందురోజే ఒకసారి చదువుకుని వెళ్లండి.