చుక్కాని కోసం ఉంచుకున్న పడవ: కాల్ 40

కాల్ 40 అనే తెరచాప పడవ గురించి రాసేవారు సాధారణంగా అది గెలిచిన పందేలతో మొదలుపెడతారు. పందేల మాట నేనూ ఎత్తుతాను. అయితే ముగ్గురం వాటాలు కలిపి కొన్న ఈ పాత పడవను శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోనూ, గోల్డెన్ గేట్ దాటి బయటి సముద్రంలోనూ ఏళ్ల తరబడి నడిపిన తరువాత, దీనిని అమ్మేయమని ఇంట్లో ఎవరెంత చెప్పినా వినకపోవడానికి నాకు మిగిలిన కారణం ఒక్కటే, దీని చుక్కాని. కిటికీల అంచుల నుంచి కారే వాననీరు, ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే డీజిల్ ఇంజను, ఏటా పెరిగే రేవు అద్దె, వీటన్నిటినీ ఆ చుక్కాని ముఖం చూసే భరిస్తున్నాను. పడకలెన్ని, ట్యాంకులో నీళ్లెన్ని పడతాయి వంటి వివరాలు అమ్మకపు ప్రకటనలన్నింటిలోనూ ఉంటాయి కనుక వాటి జోలికి వెళ్లను.

ఈ పడవ నమూనాను రూపశిల్పి బిల్ లాప్‌వర్త్ గీసే నాటికి, అంటే 1960ల తొలినాళ్లలో, అమెరికాలో సముద్రపు పందేలకు వెళ్లే పడవలలో చాలావాటికి పొడవాటి కీల్ (పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే బరువైన రెక్క) ఉండేది, చుక్కానిని ఆ కీల్ వెనుక అంచుకే బిగించేవారు. ఆ అంచు కింది కొస ముందుకు వాలి ఉండటం వల్ల చుక్కాని దాదాపుగా పడవ నడుము వైపుకు జరిగి ఉండేది. తలుపును గడియ దగ్గర పట్టుకుని తోయడానికీ, బందు పక్కన చేయి పెట్టి తోయడానికీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంత తేడా ఉంటుంది. లాప్‌వర్త్ కీల్‌ను పొట్టిచేసి నడుమ ఉంచి, చుక్కానిని దాని నుంచి పూర్తిగా విడదీసి, నీటిగీత వెనుక కొస దగ్గర ఒంటరిగా వేలాడదీశారు. ఇలా విడదీయడం ఆయన కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 39 అడుగుల 4 అంగుళాల పడవలో 30 అడుగులకు పైగా నీటిని తాకి ఉండేలా చేసి, అడుగుభాగాన్ని చదునుగా మలచి, మొత్తం బరువును 15,000 పౌండ్లకు, అందులో కీల్ సీసాన్ని 6,000 పౌండ్లకు కుదించి, ఆ పొట్టు (పడవ దేహం) వెనుక ఈ చుక్కానిని పెట్టడం ఆయన చేసిన పని. 1963లో కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో జెన్సెన్ మెరైన్ సంస్థ దీనిని ఫైబర్‌గ్లాస్‌తో వరుసగా తయారుచేయడం మొదలుపెట్టినప్పుడు, ఇంత తేలిక పడవ సముద్రానికి ఆగుతుందా అని సందేహించినవారు ఉన్నారు. ఈనాటి నలభై అడుగుల పందెపు పడవల పక్కన నిలబెడితే ఇదే బరువైనదిగా తేలుతుంది. ఏమైనా, కెరటం మీదికి ఎక్కి జారడం ఒక ఎత్తు, జారుతున్నప్పుడు దారి తప్పకుండా ఉండటం ఒక ఎత్తు. మొదటిది చదునైన అడుగు వల్ల వస్తే, రెండవది వెనుకనున్న చుక్కాని వల్ల వచ్చింది.

ఫలితం త్వరగానే కనిపించింది. ఫ్లోరిడా తీరంలో శీతకాలంలో జరిగే సదరన్ ఓషన్ రేసింగ్ కాన్ఫరెన్స్ పందేల వరుసను 1964లో కాంక్విస్టడార్ అనే కాల్ 40 గెలిచింది. 1966లో అదే వరుసను వాంప్ ఎక్స్ అనే మరో కాల్ 40తో టెడ్ టర్నర్ గెలిచారు. ఆయన స్థాపించిన వార్తా ఛానల్ సీఎన్‌ఎన్ పుట్టడానికి అప్పటికి ఇంకా పద్నాలుగేళ్లుంది. అదే ఏడాది బెర్ముడా పందెంలో థండర్‌బర్డ్ అనే కాల్ 40 గెలిచింది. లాస్ ఏంజెలెస్ నుంచి హోనొలులుకు 2,225 నాటికల్ మైళ్లు సాగే ట్రాన్స్‌ప్యాక్‌లో 1965లో సైకీ, 1967లో హాలిడే టూ, 1969లో ఆర్గొనాట్, ఇలా వరుసగా మూడు పర్యాయాలు హ్యాండిక్యాప్ లెక్క (పడవల వేగాల తేడాను బట్టి కాలాన్ని సవరించే లెక్క) మీద మొదటి స్థానం కాల్ 40లకే దక్కింది. గాలి వెనుక నుంచి వీస్తే తప్ప ఇది పనికిరాదని కొందరు అనే మాటకు, ఎప్పుడూ గాలి వెనుక నుంచే వీచే దారి కాని బెర్ముడా పందెంలో గెలుపు కొంత సమాధానం చెబుతుంది, పూర్తిగా కాదు. ఎందుకో తరువాత చెబుతాను. 1985 నాటికి హవాయి దారిలో ఇంతకంటే ఎంతో తేలికైన, ఎంతో పొడవైన పడవలు ముందుగా ఒడ్డుకు చేరుతున్నాయి. అయినా ఆ ఏడాది ట్రాన్స్‌ప్యాక్‌ను ఆ హ్యాండిక్యాప్ కాలపు లెక్కలో మాంట్‌గొమరీ స్ట్రీట్ అనే పాత కాల్ 40 గెలిచింది. 1996లో హవాయికే సాగే మరో పందెం పసిఫిక్ కప్‌లో స్టాన్ హనీ, శాలీ హనీ దంపతులు ఇద్దరే ఇల్యూజన్ అనే కాల్ 40ను నడిపి మొత్తం పందెం గెలిచారు. అమెరికన్ ఫుట్‌బాల్‌ను టీవీలో చూసేవారికి తెరపై మైదానానికి అడ్డంగా కనిపించే పసుపు గీత తెలిసే ఉంటుంది. ఆ గీతను తెరకెక్కించిన స్పోర్ట్‌విజన్ సంస్థ స్థాపకులలో ఈ స్టాన్ హనీ ఒకరు. అంతటి లెక్కల మనిషి కూడా ఇంత పాత పడవనే ఎంచుకున్నారని నేను మా వాళ్లకు అవసరమైన దానికంటే ఎక్కువసార్లే చెప్పి ఉంటాను.

ఈ చుక్కాని విలువ నాకు పూర్తిగా అర్థమైనది పసిఫిక్ కప్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఓఆహు దీవిలోని కనియోహేకు వెళ్లే దారిలో. తీరం వదిలిన తొలి రోజులలో గాలి పక్క నుంచి వీస్తుంది, చలి వేస్తుంది, అందరికీ కడుపులో తిప్పుతుంది. ఆ దశ గురించి చెప్పుకోవలసినదేమీ లేదు. వాణిజ్య పవనాల్లోకి దిగి స్పిన్నేకర్ (వెనుకగాలికి ముందు ఉబ్బే పెద్ద తెరచాప) ఎత్తిన తరువాత, రాత్రిపూట వెనుక నుంచి హఠాత్తుగా గాలి తెచ్చే స్క్వాల్ మేఘాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వెనుకనున్న చుక్కలు ఒక్కొక్కటిగా ఆరిపోతుంటే మేఘం దగ్గరకు వస్తున్నట్లు లెక్క. అలా వచ్చిన ఒక మేఘం కింద గాలి హఠాత్తుగా పెరిగి, దిశ కూడా కొంత మారింది. స్పిన్నేకర్ దించే వ్యవధి లేదు. చుక్కానిని తిప్పే పిడి, టిల్లర్, నా చేతిలో ఉంది. మా పడవకు చక్రం లేదు, పొరలు అతికించి చేసిన కర్ర టిల్లరే ఉంది. దాని చివర జానెడు మేర వార్నిష్ అరిగిపోయి, చేయి ఎక్కడ ఉండాలో చీకట్లో కూడా అదే చెబుతుంది.

కెరటం వెనుక భాగాన్ని లేపింది, ముక్కు కిందికి వాలింది, పడవ జారడం మొదలుపెట్టింది. మామూలుగా ఏడు నాట్లకు (గంటకు ఏడు నాటికల్ మైళ్లకు) కాస్త పైన తన సహజ వేగం ముగిసే ఈ పొట్టు, స్పీడు మీటరు మీద పదిహేను నాట్లు చూపించింది. అప్పుడు మరో కెరటం పక్క నుంచి తగిలి పడవను ఒరగదోసింది, ముక్కు గాలి వచ్చే వైపు తిరగబోయింది. అలా తిరిగితే పడవ అడ్డంగా పడిపోతుంది, స్పిన్నేకర్ చిరుగుతుంది, ఒక్కోసారి తెరచాప స్తంభమే పోతుంది. టిల్లర్‌ను ఛాతీకి ఆనేదాకా లాగాను. ఒక క్షణం అది పూర్తిగా తేలికైపోయింది, అంటే చుక్కాని నీటి మీద పట్టు కోల్పోయిందన్న మాట. పొడవాటి కీల్ పడవలలో అంతకుముందు నాకు తెలిసిన అనుభవం ప్రకారం, ఆ క్షణం తరువాత మనం చేయగలిగినది ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవడమే. ఇక్కడ మా వాటాదారు, గుంటూరు వైపు పెద్దమనిషి, బూమ్‌ను (పెద్ద తెరచాప కింది కర్రను) కిందికి పట్టి ఉంచే వాంగ్ తాడును వదిలేశారు, మరొకరు స్పిన్నేకర్ షీటును (దాన్ని బిగించే తాడును) చేయి పొడవున సడలించారు, ఒరిగిన పడవ కాస్త లేచింది. ఆ కాస్తే చాలింది. టిల్లర్‌లోకి బరువు తిరిగి వచ్చింది, ముక్కు మెల్లగా గాలివాలు వైపు మళ్లింది, పడవ అదే కెరటం మీద మళ్లీ సాగింది. “పట్టింది లెండి, ఇక వెళ్లనివ్వండి” అని ఆయన మళ్లీ వాంగ్ బిగించుకున్నారు. తెల్లవారే లోపు అటువంటివి మరికొన్ని వచ్చాయి, ప్రతిసారీ చుక్కాని వదిలినట్లే వదిలి తిరిగి పట్టింది. ఒక చుక్కాని ఎప్పుడూ పట్టు తప్పకపోవడం కంటే, తప్పబోతున్నానని చేతికి ముందుగా చెప్పి, తప్పిన తరువాత సులువుగా తిరిగి దొరకడం నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది.

ఆ ప్రయాణం తరువాత కొంతకాలం ఈ చుక్కానికి తిరుగులేదని అందరితోనూ అన్నాను. ఇప్పుడైతే గాలి వెనుక నుంచి వీచేటప్పుడు అన్న మాట చేర్చి చెబుతాను. గాలి పక్క నుంచి గట్టిగా వీచి పడవ బాగా ఒరిగినప్పుడు చుక్కానిలో కొంత భాగం నీటి పైకి వచ్చేస్తుంది, పడవ ఎంతసేపూ గాలివైపే తిరుగుతానంటుంది, గంట గడిచేసరికి మోచేయి పట్టేస్తుంది. మెయిన్ సెయిల్‌ను (ప్రధాన తెరచాపను) ఇతరుల కంటే ముందే కుదించుకోవడం తప్ప దీనికి మందు లేదు. రేవులో ఇంజనుతో వెనక్కి నడిపేటప్పుడు టిల్లర్‌ను రెండు చేతులతో పట్టుకోకపోతే అది విసురుగా తిరిగి పక్కటెముకలకు తగులుతుంది. పైగా మా పడవకున్నది కర్మాగారం నుంచి వచ్చిన చుక్కాని కాదు. చాలామంది కాల్ 40 యజమానుల లాగే మా మునుపటి యజమాని కూడా పాతది తీసేసి, కొత్త ఆకారంలో చేయించినది పెట్టించాడు. కనుక నేను లాప్‌వర్త్‌కు ఇస్తున్న మెచ్చుకోలులో కొంత వాటా, ఎంతో చెప్పలేను కానీ, మరొకరికి చెందుతుంది.

ఇక గాలికి ఎదురుగా వెళ్లేటప్పటి సంగతి. ఏ చదునైన అడుగు కెరటాల మీద జారడానికి సాయపడిందో అదే అడుగు ఎదురు కెరటాల మీద దబదబ మోదుకుంటుంది. వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కో బయటి సముద్రంలోని ఫారలాన్ దీవుల వైపు వెళ్లే పందెంలో, దీవులు చేరేదాకా ఆ మోత తప్పదు. అటువంటి ఒక పందెంలో మరుగుదొడ్డి తలుపు మూసుకోవడం మానేసింది. పడవను మరో వైపుకు తిప్పితే మూసుకుంటుంది, ఇటు తిప్పితే చట్రానికి తట్టుకుంటుంది. రేవుకు వచ్చి సన్న చెక్కపట్టీ ఊడదీసి చూస్తే, ప్లైవుడ్ బల్క్‌హెడ్‌ను (పడవ లోపలి అడ్డగోడను) పొట్టుకు అతికించిన ఫైబర్‌గ్లాస్ పట్టీ చెక్క నుంచి విడిపోయి, మధ్యలో పోస్టుకార్డు దూరేటంత సందు కనిపించింది. ఆ సందులో ఎవరో ఎప్పుడో పుట్టీ నింపి రంగు వేశారు, దాని మీద ఆ చెక్కపట్టీని అందంగా బిగించారు. ఈ అతుకు బలహీనత పాత కాల్ 40లకు తెలిసిన జబ్బే, అందులో వింతేమీ లేదు; పట్టీతో కప్పి అమ్మిన పద్ధతి మీదే నాకు ఇప్పటికీ కోపం. పాత అతుకును చెక్క కనిపించేదాకా గీకి, ఎపాక్సీ జిగురుతో కొత్త పొరలు వేసుకోవడానికి మా శీతకాలపు వారాంతాలన్నీ సరిపోయాయి. ఆ తరువాత తలుపు రెండు వైపులా మూసుకుంటోంది.

జంట చుక్కానులున్న కొత్త ఫ్రెంచ్ పడవ ఒకటి నడిపి చూశాను. ఎంత ఒరిగినా ఒక చుక్కాని నీటిలోనే ఉంటుంది కనుక పక్కగాలిలో అది మా పడవను సునాయాసంగా మించిపోతుంది, ఆ మాట దాచడంలో అర్థం లేదు. కానీ దాని ధరలో మా ముగ్గురి వాటాలు కలిపినా చాలా కొద్ది భాగమే అవుతుంది. మాలో ఒకరికి వడ్రంగం వచ్చు, మా అఖాతంలో వేసవి అంతా గాలికి కొదవ లేదు, మా పిల్లలు పెద్దవారై పోయారు, మా ఆవిడ అఖాతంలోని ఏంజెల్ ఐలాండ్ దాకా తప్ప ముందుకు రానని ముందే చెప్పేసింది. వీటిలో ఏ ఒక్కటి తారుమారైనా నా అభిప్రాయం మారేది. చిన్న పిల్లలున్నవారికీ, గాలి తక్కువగా వీచే చోట ఉండేవారికీ, ఒంటరిగా ఖర్చు భరించేవారికీ దీనిని సిఫారసు చేయలేను. ఒకటి రెండేళ్లకొకసారి హవాయి వైపు చూసేవారు, చేతులకు ఎపాక్సీ అంటితే బాధపడనివారు చూడవచ్చు. చూసేటప్పుడు రేవులో నిలబెట్టి కాకుండా, ఎదురుగాలిలో కెరటాలు తగిలే చోటికి తీసుకువెళ్లి, రెండు వైపులా ఒరిగించి, లోపలి తలుపులన్నీ మూసి చూడాలి. బల్క్‌హెడ్ అంచున చెక్కపట్టీ కనిపిస్తే దానిని విప్పదీయనివ్వమని అడగాలి, ఒప్పుకోకపోతే మరో పడవ చూసుకోవాలి.