ఫెయిర్‌ఫోర్డ్ సెయింట్ మేరీ చర్చి: నల్లగొండ నుంచి వెళ్లే పెద్దల కోసం ఒక సమీక్ష

పిల్లలు ఇంగ్లండులో స్థిరపడ్డాక నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట ప్రాంతాల నుంచి వేసవిలో అక్కడికి వెళ్లి కొన్ని నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు మన చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వాళ్లకు లండన్‌లోని రాజభవనమూ పెద్ద గడియారమూ చూపిస్తారు గానీ, చిన్న ఊళ్లలోని పాత చర్చీల లోపలికి తీసుకెళ్లేవారు తక్కువ. గ్లాస్టర్‌షైర్‌లో, కోల్న్ నది ఒడ్డున ఉన్న ఫెయిర్‌ఫోర్డ్ సెయింట్ మేరీ చర్చిని మా అమ్మాయి, అల్లుడు మాకు చూపించారు. ఇంగ్లీషు చదవడం రాని మా ఇంటావిడ, ఎవరూ చదివి చెప్పకుండానే, తనంతట తాను తిరిగి విషయం గ్రహించిన చోటు ఆ దేశంలో నాకు ఇదొక్కటే కనిపించింది. అందుకే దీనికి ఐదుకు ఐదు మార్కులు వేస్తున్నాను.

ఈ చర్చిని 15వ శతాబ్దం చివర్లో జాన్ టేమ్ అనే ఉన్ని వర్తకుడు తిరిగి కట్టించడం మొదలుపెట్టగా, 1500లో ఆయన చనిపోయాక కొడుకు ఎడ్మండ్ ఆ పని పూర్తి చేయించాడు. ఆనాటి రంగుటద్దాల కిటికీలు 28, మొత్తం వరుస దాదాపు చెదరకుండా నిలిచి ఉండడమే దీని ఘనత. రాజుగారి అద్దాల పనివాడైన బార్నార్డ్ ఫ్లవర్ పనిశాలలో ఇవి తయారయ్యాయని పండితుల అభిప్రాయం. చర్చీల్లో బొమ్మలు ఉండకూడదన్న 16వ శతాబ్దపు మతసంస్కరణ కాలంలోనూ, ఆ తరువాతి అంతర్యుద్ధంలోనూ ఇంగ్లండులో ఇటువంటి అద్దాలు ఎన్నో పగిలిపోయాయి. ఇవి మాత్రం మిగిలాయి. రెండో ప్రపంచయుద్ధంలో వీటిని ఊడదీసి, భద్రంగా దాచి, మళ్లీ బిగించారు.

లోపలికి వెళ్లగానే ఎటు పడితే అటు చూడకుండా ఉత్తరపు వైపున్న మొదటి కిటికీ దగ్గర మొదలుపెట్టాలి. అక్కడి నుంచి తూర్పుకు, ఆపై దక్షిణానికి, చివరకు పడమరకు బైబిలు కథ నడుస్తుంది, అంటే మనం గుడిలో ప్రదక్షిణ చేసే దిశలోనే అన్నమాట. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయంలో రామాయణ, భారత ఘట్టాలు చెక్కిన రాళ్లను ఒక్కొక్కటే చూసుకుంటూ తిరిగిన మనవాళ్లకు ఈ పద్ధతి ఎవరూ నేర్పనక్కర్లేదు. మొదటి కిటికీలో తొలి స్త్రీ హవ్వ, సర్పం, మండుతున్న పొద ముందు మోషే ప్రవక్త, దేవుణ్ణి గుర్తు అడగడానికి పరిచిన గొర్రెబొచ్చుతో గిద్యోను, సొలొమోను కొలువుకు వచ్చిన షేబ రాణి ఉంటారు. చిన్నప్పుడు మిషన్ బడిలో చదువుకున్న మా ఆవిడ, "జర ఇటు చూడుండ్రి, గీ బొచ్చు గిద్యోనుదే కద" అని తానే గుర్తుపట్టింది. ఉన్ని అమ్మి సంపాదించిన డబ్బుతో కట్టిన చర్చిలో ఆ గొర్రెబొచ్చును చూడగలిగి ఉంటే జాన్ టేమ్‌కు ఎంత సంతోషం కలిగి ఉండేదో కదా అనిపించింది. ఆ తరువాత యేసు తల్లి మరియ తల్లిదండ్రుల కథ, యేసు జననం వరుసగా వచ్చి, తూర్పున బలిపీఠం పైనున్న పెద్ద కిటికీలో కింద యెరూషలేము ప్రవేశం, పైన సిలువ ఘట్టం కనిపిస్తాయి. దక్షిణం వైపు యేసు శిష్యులైన పన్నెండుమంది అపొస్తలులు నిలబడి ఉంటే, వాళ్లకు ఎదురుగా ఉత్తరం వైపు పన్నెండుమంది ప్రవక్తలు ఉంటారు. ఇంకా పైన, కప్పుకు దగ్గరగా ఉన్న కిటికీల్లో ఒకవైపు భక్తులను హింసించినవారు, మరోవైపు విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షులు ఉన్నారు.

ఎక్కువ సేపు నిలబడవలసింది పడమటి గోడ దగ్గర. అక్కడ ఉన్నది అంతిమ తీర్పు, అంటే లోకాంతాన దేవుడు అందరి పాపపుణ్యాలు విచారించే ఘట్టం. 1703 నాటి పెనుతుఫానులో ఈ కిటికీ దెబ్బతిన్నది, పై భాగాన్ని 19వ శతాబ్దంలో కొత్తగా చేశారు, కింది భాగం మాత్రం పాతదే. నడుమ దేవదూత మిఖాయేలు త్రాసుతో ఆత్మలను తూస్తుంటాడు. ఒక పక్క స్వర్గద్వారం కాచే పేతురు ఉన్న వైపుగా పుణ్యాత్ములు బంగారు మెట్లెక్కుతుంటే, మరో పక్క ఎర్రటి మంటల్లో దయ్యాలు పాపులను ఈడ్చుకుపోతుంటాయి. వాటిలో ఒకటి ఒక స్త్రీని ఒంటిచక్రపు తోపుడుబండిలో వేసుకుని పోతోంది. చిత్రగుప్తుడి చిట్టా గురించి వింటూ పెరిగినవారికి ఈ కిటికీ ముందు వివరణ అవసరం లేదు. ఇక్కడి పసుపు రంగును కూడా గమనించండి. వెండి కలిసిన పూతను అద్దం మీద పూసి బట్టీలో కాలిస్తే ఆ బంగారు ఛాయ వస్తుంది. అందుకే ఒకే అద్దం ముక్క మీద తెల్లని ముఖమూ పసుపు జుట్టూ, మధ్యలో సీసపు అతుకు లేకుండా, పక్కపక్కనే ఉండగలుగుతాయి.

గాయకబృందం కూర్చునే కొయ్య ఆసనాలను పైకి మడిస్తే అడుగున చిన్న అంచు, దాని కింద చెక్కడాలుంటాయి. సుదీర్ఘమైన ప్రార్థనల్లో నిలబడినవారు కాస్త ఆనుకోవడానికి చేసిన ఏర్పాటు ఆ అంచు. జాన్ టేమ్, ఆయన భార్య ఆలిస్ ఇత్తడి ప్రతిమలున్న సమాధి కూడా లోపలే ఉంది.

పై కిటికీలు మామూలు కంటికి అందవు కాబట్టి చిన్న దుర్భిణి తప్పక వెంట తీసుకెళ్లండి. పడమటి కిటికీకి మధ్యాహ్నం తరువాతి ఎండ కావాలి గనుక, భోజనం చేసి బయలుదేరి, ఉత్తరం నుంచి తిరుగుతూ సాయంత్రానికి అక్కడికి చేరేటట్టు చూసుకోవడం మంచిది. ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుంది, అప్పుడు తిరిగి చూడటం కుదరదు. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. దగ్గరలోని పెద్ద స్టేషన్ స్విండన్, అక్కడి నుంచి రోడ్డు మార్గమే. ఊరి పక్కనున్న వైమానిక స్థావరంలో జూలైలో విమాన ప్రదర్శన జరిగే రోజుల్లో మాత్రం రోడ్లు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఆ వారం మానుకోండి.