మస్టాంగ్ మాని ఫియెస్టా ఎస్‌టీ కొన్న తొమ్మిదేళ్లకు

2015లో కారు కొనడానికి బయలుదేరినప్పుడు, రెండు మూడు వేల డాలర్ల తేడాలో రెండు బళ్లు నాకు అందుబాటులో ఉన్నాయి. ఒకటి ఫోర్డ్ మస్టాంగ్‌లో అన్నిటికన్నా కింది మోడల్, 3.7 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్‌ది. రెండోది ఫోర్డ్‌దే ఫియెస్టా ఎస్‌టీ, అంటే ఫియెస్టా అనే చిన్న బండికి చురుకైన స్పోర్ట్స్ రూపం. మిషిగన్‌లో, అందులోనూ మస్టాంగ్ తయారయ్యే ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీకి అరగంట దూరంలోని కాంటన్‌లో ఉంటూ, 300 హార్స్‌పవర్ల రెండు తలుపుల కూపేను వదిలి 197 హార్స్‌పవర్ల చిన్న బండి తీసుకుంటానంటే ఇంట్లో ఎవరూ హర్షించలేదు. అదే ఏడాది మా బావమరిది వీ6 మస్టాంగ్ కొన్నాడు. కాబట్టి ఈ తొమ్మిదేళ్లలో నేను నా బండిని 96 వేల మైళ్లు నడపడమే కాక, వదులుకున్న బండిని కూడా తరచూ నడుపుతూ వచ్చాను.

నేను ఫియెస్టాను ఎన్నుకున్నది ఒకే ఒక్క గుణం కోసం, అది మలుపు తిరిగే తీరు. ఆన్ ఆర్బర్ నుంచి డెక్స్‌టర్ వైపు హ్యూరాన్ నది ఒడ్డునే మెలికలు తిరుగుతూ పోయే హ్యూరాన్ రివర్ డ్రైవ్ అనే రోడ్డు ఉంది. ఆ దారిలో గంటకు 40 మైళ్ల వేగంతో మలుపులోకి దిగి, యాక్సిలరేటర్ మీద కాలిని ఒక్క వీసం సడలిస్తే చాలు, బండి వెనక భాగం మెల్లగా బయటికి జరిగి ముక్కు తనంతట తాను మలుపు లోపలికి తిరుగుతుంది. లోపలివైపు వెనక చక్రం బరువు పూర్తిగా వదిలేసి తేలిపోయిన సంగతి మనకు సీటులోనే తెలిసిపోతుంది. స్టీరింగ్ తిప్పడానికీ బండి తిరగడానికీ మధ్య ఎదురుచూపు ఉండదు. లోపలి ముందు చక్రానికి తనంతట తానే కొద్దిగా బ్రేకు వేసి బండిని తిప్పే ఏర్పాటు ఇందులో ఉందని తెలిసినా, అది ఎప్పుడు పనిచేసిందో పట్టుకోవడం ఇప్పటికీ నా వల్ల కాలేదు. అదే రోడ్డు మీద మస్టాంగ్ తప్పు చేయదు, కానీ దాదాపు 1,600 కిలోల బరువుతో, ఫియెస్టా కన్నా జానెడు వెడల్పు ఎక్కువ ఉన్న ఒంటితో, ఆ వేగానికి అది ఇంకా నిద్ర లేవనట్టే ఉంటుంది. దాని బలం చూడాలంటే హైవే ఎక్కే ర్యాంపు కావాలి, ఎక్కిన మరుక్షణమే కాలు తీసేయాలి. నా బండి ఇచ్చే ఆనందమంతా పోలీసులు ఆపే అవసరం లేని వేగంలోనే దొరుకుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చేవాడికి అంతకు మించిన భాగ్యం లేదని నేను మనసారా నమ్ముతాను.

మొదటి ఏడాది అడిగిన ప్రతివాడికీ ఇదే మాట చెప్పాను, సస్పెన్షన్ గట్టిగా ఉన్నా ఇబ్బందేమీ లేదని కూడా కలిపి చెప్పాను. ఆ రెండో మాటను 2018 మార్చి తరువాత మళ్లీ అనలేదు.

ఆ నెలలో మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. నోవైలో బావమరిది ఇంట్లో భోజనం చేసి, అమ్మ ఒళ్లో పులిహోర డబ్బా పెట్టుకుని ఉండగా, రాత్రి పదింటికి కాంటన్‌కు తిరుగు ప్రయాణమయ్యాం. ఇక్కడ చలికాలం వెళ్లిపోయే రోజుల్లో రోడ్డు పగుళ్లలోకి దిగిన నీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, పగలు కరిగి కింద బోలు మిగులుస్తుంది, దాని మీదుగా లారీలు పోయేసరికి పై పొర ఊడి గుంత పడుతుంది. అటువంటి గుంత ఒకటి నీళ్లతో నిండి చీకట్లో మామూలు తడి రోడ్డులాగే కనిపించింది. కుడి ముందు చక్రం అందులో పడ్డప్పుడు ఇనుము మీద సమ్మెట దెబ్బలాంటి మోత వచ్చింది. అమ్మ "నాన్నా, ఏదో విరిగింది" అన్నది. పక్కకు ఆపి ఫోను వెలుగులో చూస్తే రిమ్ము అంచు లోపలికి వంగి ఉంది, టైరు పక్కగోడ బొటనవేలు దూరేంతగా చిరిగి ఉంది.

నా బండిలో స్టెప్నీ లేదు. డిక్కీలో గాలి పంపు, రంధ్రం పూడ్చే ద్రవం మాత్రమే ఉన్నాయి. మేకు దిగిన టైరుకు అవి పనికొస్తాయి, చిరిగిన పక్కగోడకు ఏమాత్రం పనికిరావు. కొన్ననాడే తెలిసిన ఈ సంగతిని లెక్కలోకి తీసుకోనిది నేనే. టో ట్రక్కు రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు, బయట చలి గడ్డకట్టిస్తోంది. బావమరిదికి ఫోను చేస్తే "బావా, మీరు బండిలోంచి దిగకండి, వస్తున్నా" అని పావుగంటలో మస్టాంగ్‌లో వచ్చాడు.

అతని బండి కింది మోడల్ కావడం వల్ల దాని టైర్ల కొలత 235/55 (మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో), చక్రం 17 అంగుళాలు. నాది కూడా 17 అంగుళాలే, కానీ టైరు 205/40. అంటే అతని టైరు పక్కగోడ ఎత్తు దాదాపు 129 మిల్లీమీటర్లు, నాది 82. ఖరీదైన మోడళ్లకు వేసే పెద్ద చక్రాలూ పలచని టైర్లూ లేకపోవడాన్ని లోటుగానే చెప్పుకుంటారు. ఆ రాత్రి మిగతా దారంతా గుంతల మీదుగా ఆ ఎత్తయిన రబ్బరు మమ్మల్ని మోసిన తీరు చూశాక, మా రోడ్లకు అదే సరైన కొలత అని ఒప్పుకున్నాను. అయితే బండి ఎక్కడం వేరే కథ. నాన్నకు మోకాలి ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు. ముందు సీటు వంచి వెనక్కి దూరడానికి రెండుసార్లు ప్రయత్నించి ఆగిపోయారు. చివరికి ఆయన్ను ముందు కూర్చోబెట్టి, అమ్మ చీర కుచ్చెళ్లు చేత పట్టుకుని వెనక్కి దూరింది, నేను ఆమె పక్కన తల వంచుకుని కూర్చున్నాను. నాలుగు తలుపుల ఫియెస్టాలో వాళ్లు ఎన్నడూ ఇంత అవస్థ పడలేదు.

ఆ తరువాత 16 అంగుళాల రిమ్ములు, 195/50 చలికాలపు టైర్లు విడిగా కొన్నాను. వాటితో మంచులో బండి భేషుగ్గా పోతుంది, గుంతల భయం తగ్గింది, కానీ నేను మోజుపడి కొన్న ఆ మలుపు పదును ఏడాదిలో ఐదు నెలలు కాస్త మొద్దుబారుతుంది. పార్కింగులో ముందుకూ వెనక్కీ జరపకుండా ఒకే మలుపులో తిరగలేకపోవడం కూడా ఇంత చిన్న బండికి తగని విషయం.

వీ6 మస్టాంగ్ 2017 మోడల్‌తోనూ, ఫియెస్టా ఎస్‌టీ అమెరికాలో 2019 మోడల్‌తోనూ ఆగిపోయాయి కనుక ఇప్పుడు ఎవరు ఎంచుకున్నా పాత బండే దొరుకుతుంది. పెద్దవాళ్లు వచ్చిపోయే ఇల్లు, ఒక్క బండితో సర్దుకోవలసిన సంసారం, దగ్గర్లో ఒక మెలికల రోడ్డు ఉన్న నాకైతే మళ్లీ ఫియెస్టానే. ఒంటరిగా ఉంటూ రోజూ హైవే మీద నలభై మైళ్లు పోయేవారికి ఈ మాట చెప్పను. వారికి ఆ ఎత్తయిన టైర్ల మస్టాంగే సుఖం కావచ్చు. నేను మాత్రం ఏప్రిల్ మూడోవారం దాకా చలికాలపు రిమ్ములు విప్పను.