ఆల్‌సీజన్ టైర్లు: సిక్కోలు, విజయనగరం రోడ్ల మీద నలభై వేల కిలోమీటర్లు దాటాక

మొదటే చెప్పేస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తిరిగే చిన్న కారుకు ఆల్‌సీజన్ టైరు చక్కగా సరిపోతుంది. కాకపోతే గాడి లోతు మూడు మిల్లీమీటర్లు ఉన్నంతవరకే ఈ మాట. అంతకన్నా కిందకు దిగాక కూడా వేసవంతా తేడా కనపడదు, బండి కొత్త టైర్ల మీద ఉన్నట్టే పోతుంది. మొదటి గట్టి వానకు, నీళ్లు నిలిచిన చోట స్టీరింగు తేలికైపోయినప్పుడు గాని సంగతి తెలీదు.

ఇక్కడ రాస్తున్నదంతా 185/65 ఆర్15 సైజు గురించి. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. డిజైర్, ఎర్టిగా లాంటి బళ్లకు వచ్చేది ఇదే. భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే 16, లోపల చీపురుపల్లి, రాజాం, పాలకొండ రోడ్లు, అప్పుడప్పుడు ఎస్.కోట మీదుగా అరకు ఘాటు: వాడకం ఇదీ. మొదటి సెట్టు ఎక్కువకాలం వచ్చే గట్టి రబ్బరు రకం. తర్వాతిది మెత్తగా, చప్పుడు తక్కువగా పోయే రకం. రెండూ నలభై వేలు దాటాయి. కంపెనీల పేర్లు రాయడం లేదు. పెద్ద కంపెనీలు ఈ రెండు రకాలూ చేస్తాయి. కంపెనీకీ కంపెనీకీ ఉన్న తేడా కన్నా ఈ రకానికీ ఆ రకానికీ ఉన్న తేడాయే పెద్దది.

ఆల్‌సీజన్ అన్నది చలిదేశాల అవసరంలోంచి వచ్చిన పేరు. సుమారు ఏడు డిగ్రీల కిందకు దిగితే వేసవి టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. అందుకని అక్కడివాళ్లు మంచుకాలానికి వేరే టైర్లు వేసుకుంటారు. ఏటా రెండుసార్లు మార్చే పని లేకుండా మధ్యరకంగా చేసింది ఇది. టైరు పక్కన ‘ఎం ప్లస్ ఎస్’ అని ఉంటే బురదకూ మంచుకూ పనికొస్తుందని తయారీదారు చెప్పుకున్నట్టు. మూడు శిఖరాల కొండ, లోపల మంచురేకు బొమ్మ ఉంటే మంచు మీద పరీక్షలో నెగ్గినట్టు. మనకు ఆ బొమ్మ అక్కర్లేదు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున అరకు ఎక్కినా ఈ టైర్లతో ఏ ఇబ్బందీ ఉండదు. మనకు అసలు పరీక్ష వాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక ఎత్తు, అక్టోబరు, నవంబరు తుపాన్లు ఇంకో ఎత్తు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. టైరు మార్చే ఆలోచన ఉంటే సెప్టెంబరు లోపే తేల్చుకోమని చెప్పడం అందుకే.

కొత్త టైరుకు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. గాళ్ల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పైరబ్బరు అరిగి ఆ దిమ్మలతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. వాటి చోటు కనపడాలంటే టైరు అంచున ‘టీడబ్ల్యూఐ’ అక్షరాలో, చిన్న త్రికోణమో వెతకండి. చాలామంది ఆ దిమ్మ వచ్చేదాకా ఆగుతారు. పొడి రోడ్డు మీద అది తప్పేం కాదు. తడి రోడ్డు లెక్క వేరు. టైరు కింద నీటిని పక్కకు తోసేది ఆ గాళ్లే, లోతు తగ్గేకొద్దీ అవి తోయగలిగిన నీరు తగ్గిపోతుంది. నా వాడకంలో గట్టిరకం కొత్తలోనే తడి రోడ్డు మీద కొంచెం జారేది, బ్రేకు కాస్త గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) కొట్టుకునేది. మెత్తరకం 4 మిల్లీమీటర్ల దాకా ధీమాగా ఆగింది. మూడు దగ్గరకొచ్చేసరికి రెండూ ఒక్కలాగే అయ్యాయి, నమ్మకం సడలింది. లోతు కొలిచే గేజీ రెండు మూడు వందల్లో దొరుకుతుంది. ప్రతి టైరుకూ లోపలి అంచు, నడుమ, బయటి అంచు మూడుచోట్లా కొలవాలి. లోపలి అంచు నిలబడి చూస్తే కనపడదు. గుండు అయ్యేది ఎక్కువగా అక్కడే.

గాలి సంగతి కూడా వానతోనే ముడిపడి ఉంది. నీటి మీద టైరు తేలిపోయే వేగానికి విమాన టైర్ల కోసం నాసా కట్టిన లెక్క ఒకటుంది. దాని ప్రకారం 33 పీఎస్ఐ గాలి ఉంటే సుమారు 95 కిలోమీటర్ల వేగంలో, 25కి దిగితే 83 దగ్గరే టైరు తేలుతుంది. కారు టైరుకు అచ్చంగా ఇంతేనని కాదు. గాడి లోతు, నీటి మందం, టైరు వెడల్పు అన్నీ లెక్కలోకొస్తాయి. గాలి తగ్గితే ఇంకా తక్కువ వేగానికే తేలుతుందన్నది మాత్రం రోడ్డు మీద తెలిసిపోతుంది. నరసన్నపేట నుంచి ఆనందపురం దాకా ఆరు వరసల రోడ్డు బాగుంది గనక వానలోనూ వందకు తగ్గని బళ్లు కనిపిస్తాయి. రోడ్డు వంపు తిరిగేచోట డివైడరు పక్కన నీటి పట్టీ ఉందేమో చూసుకోవాలి, ఒకవైపు చక్రాలు అందులో పడితే స్టీరింగు అటు లాగుతుంది. టైరు తేలిందనిపిస్తే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేయండి, స్టీరింగు తిన్నగా పట్టుకోండి, బ్రేకు జోలికి పోకండి. రెండు మూడు సెకన్లలో పట్టు తిరిగొస్తుంది. గెడ్డ పొంగి మదుం (కల్వర్టు) మీంచి నీరు పారుతుంటే మాత్రం ఏ టైరూ కాపాడదు, ఆగిపోవాల్సిందే.

చాలా రోజుల ఎండ తర్వాత పడే తొలి జల్లు పెద్దవాన కన్నా ప్రమాదం. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము నీటితో కలిసి జిడ్డు పొరలా తేలుతుంది. లారీల రద్దీ ఉండే పైడిభీమవరం ప్రాంతంలో మరీను. నూర్పుల రోజుల్లో పల్లెరోడ్ల మీద ఆరబోసిన వరి, పరిచిన గడ్డి కూడా అంతే. గడ్డి మీద బ్రేకు పట్టదు, దానికి తోడు వేడెక్కిన సైలెన్సరుకు చుట్టుకుంటే అంటుకునే భయం ఉంది.

ఎండ విషయంలో ఈ టైర్ల మీద నాకు ఫిర్యాదు లేదు. మే నెల మధ్యాహ్నం హైవే మీద ఫుల్ లోడుతో పోయినా ఏ లోపమూ రాలేదు, గాలి సరిగా ఉంచినందుకే అది. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా మడతపడుతుంది, ఆ మడతే వేడి పుట్టిస్తుంది. ఎండలో టైరు పేలడానికి చాలాసార్లు కారణం తక్కువ గాలే. ఎండకు గాలి ఎక్కువై పేలిందని అందరూ తలకిందులుగా అనుకుంటారు. టైరులో ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు పెరిగితే గాలి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. పొద్దున 33 పెట్టింది మధ్యాహ్నం 37, 38 చూపిస్తే కంగారుపడి తీసేయకండి, తయారీదారు ఆ పెరుగుదలను లెక్కలో వేసుకునే, టైరు చల్లగా ఉన్నప్పుడు పెట్టాల్సిన కొలత ఇస్తాడు. ఆ కొలత డ్రైవరు తలుపు తీస్తే కనపడే చీటీ మీద ఉంటుంది. ఫుల్ లోడుకు వేరే అంకె ఉంటుంది, ఏడుగురు ఎక్కే ఎర్టిగాకు వెనక టైర్ల అంకె తప్పకుండా చూడాలి. పెట్రోలు బంకు గేజీల్లో కొన్ని రెండు మూడు పీఎస్ఐ అటూ ఇటూ చూపిస్తాయి కాబట్టి సొంత గేజీ ఒకటి ఉంచుకుని, పదిహేను రోజులకోసారి పొద్దున్నే, బండి కదలకముందు చూసుకుంటే చాలు. నైట్రోజన్‌కు డబ్బు పెట్టడం నాకు దండగనిపిస్తుంది, మామూలు గాలిలోనే 78 శాతం అది.

ఇక గోతులు. వానాకాలం దాటాక పాలకొండ, రాజాం వైపు రోడ్ల మీద టైరుకు జరిగే అసలు నష్టం అరుగుదల కాదు, బొబ్బ. గొయ్యి అంచుకు టైరు గట్టిగా తగిలినప్పుడు పక్కగోడ అంచుకూ రిమ్ముకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. తెగినచోట గాలి రబ్బరును బయటకు నెడుతుంది, గుడ్డంత ఉబ్బు కనిపిస్తుంది. దీనికి మరమ్మతు లేదు, ఎవరైనా చేస్తానన్నా చేయించకండి. ఆ టైరుతో హైవే ఎక్కకూడదు. మెత్తరకం టైర్ల పక్కగోడ పలచన, సుఖంగా పోయేదీ దానివల్లే, బొబ్బ తొందరగా పడేదీ దానివల్లే. గట్టిరకం ఈ విషయంలో గెలిచింది. 185/65 టైరుకు పక్కగోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16కు 107 మాత్రమే. అందం కోసం పెద్ద రిమ్ము, సన్న టైరు వేయించుకునేవాళ్లు లోపలి రోడ్లు తిరిగేవాళ్లయితే ఈ 13 మిల్లీమీటర్ల తేడా గుర్తుంచుకోండి. గోతిలోకి దిగేముందు బ్రేకు వదిలేయండి. బ్రేకు తొక్కి ఉంచితే ముందు సస్పెన్షను కిందకు నొక్కుకుపోయి ఉంటుంది, దెబ్బంతా టైరు మీదే పడుతుంది.

అరుగుదల లెక్కకొస్తే, నలభై వేల దగ్గర గట్టిరకానికి 3.5 మిల్లీమీటర్లు మిగిలింది, మెత్తరకానికి మూడు కన్నా కాస్త తక్కువ. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి టైర్లు తిప్పడం వల్లే నాలుగూ సమంగా అరిగాయి. ముందు చక్రాలతో నడిచే బళ్లకు ముందువి తిన్నగా వెనక్కి, వెనకవి కుడి ఎడమలు మార్చి ముందుకు. పక్కన బాణం గుర్తున్న టైర్లయితే ఆ పక్కనే ముందూ వెనకా మార్చాలి, కుడి ఎడమలు మారకూడదు. తిప్పకపోతే ముందువి వెనకవాటి కన్నా చాలా ముందుగానే పోతాయి. ఘాటు ఎక్కువ తిరిగితే ముందు టైర్ల భుజాలు, అంటే పైరబ్బరు పక్కగోడ వైపు తిరిగే అంచులు, ఇంకా తొందరగా అరుగుతాయి.

ఎలా అరిగిందో చూస్తే కారణం తెలుస్తుంది. రెండు అంచులూ అరిగి నడుమ నిలిస్తే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ. ఒక్క అంచే పోతే అలైన్‌మెంటు తేడా. అరచేత్తో టైరు మీద అడ్డంగా రాయండి. ఒకవైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపంలా గరుకుగా తగిలితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది. అక్కడక్కడ గుంటలు పడినట్టు అరిగితే షాక్ అబ్జార్బరు పోయినట్టే, అది మార్చకుండా కొత్త టైరు వేసినా అదే గతి. అలైన్‌మెంటు చేయించినప్పుడు ముందూ తర్వాతా రీడింగులున్న కాగితం అడిగి తీసుకోండి. ఈ బళ్లకు మామూలుగా సరిచేయగలిగింది ముందు చక్రాల టో ఒక్కటే. క్యాంబరు (చక్రం నిలువుగా కాక పక్కకు వాలిన కోణం), వెనక చక్రాలు తేడా చూపిస్తే ఏదో వంగిందని అర్థం, మిషను మీద సరిచేశామంటే నమ్మకండి.

ఎనభై నుంచి వంద మధ్య స్టీరింగు వణికితే బ్యాలెన్సింగు అంటారు. దానికి ముందు రిమ్ము లోపలివైపు చూడండి. పల్లెరోడ్ల బురద అక్కడ గడ్డకట్టి ఉంటే అదీ ఇలాగే వణికిస్తుంది, నీళ్లతో కడిగితే పోతుంది.

పంక్చర్లకు ఆ టైరని ఈ టైరని లేదు. టెక్కలి ప్రాంతంలో గ్రానైటు లారీల వెనక పోయేటప్పుడు గాళ్లలో ఇరుక్కునే రాతిపలుకులను మాత్రం అప్పుడప్పుడు స్క్రూడ్రైవరుతో తీసేయాలి, వదిలేస్తే లోపలికి తొలుచుకుపోతాయి. రోడ్డు పక్కన బయటినుంచే దూర్చే పట్టీ ఇంటికి చేరడానికి పనికొస్తుంది. తర్వాత టైరు విప్పించి లోపలినుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారంలో ఉండే అతుకు) వేయించండి, లోపల నలిగిందో లేదో కూడా అప్పుడే కనపడుతుంది. రంధ్రం 6 మిల్లీమీటర్లు దాటినా, భుజం మీదో పక్కగోడలోనో ఉన్నా అతికించకూడదు. మేకు దొరకకుండా గాలి దిగిపోతుంటే సబ్బునీళ్లు రిమ్ము అంచు చుట్టూ, వాల్వు దగ్గర పోసి చూడండి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరప్రాంతాల్లో ఉండే బళ్లకు ఇనప రిమ్ము అంచు తుప్పు పట్టి అక్కడినుంచి గాలి పోవడం మామూలే. టైరు విప్పి, వైరు బ్రష్షుతో తుప్పు గోకి, సీలెంటు రాస్తే ఆగుతుంది. కొత్త టైరు వేయించిన ప్రతిసారీ రబ్బరు వాల్వు కూడా మార్పించండి.

చప్పుడు మెత్తరకానికి బాగా తక్కువ, సిమెంటు రోడ్ల మీద ఆ తేడా ఎక్కువగా తెలుస్తుంది. మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

కొనేటప్పుడు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చదవండి. 2325 అంటే 2025లో 23వ వారం. ఏడాది దాటిన సరుకైతే ధర తగ్గించమనండి, రెండేళ్లు దాటితే నేనైతే తీసుకోను. ఐఎస్ఐ గుర్తు ఉండాలి. 88హెచ్ అని ఉంటే ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదు, 210 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుంది. బండితో వచ్చిన అంకె కన్నా తక్కువది వేయించకండి. ట్రెడ్‌వేర్ (అరుగుదల) అంకె చూసి రెండు కంపెనీలను పోల్చకండి, ఎవరి పరీక్ష వారిదే. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, బిల్లులో అది కనపడాలి. ఆ బిల్లు దాచండి, తయారీ లోపమని క్లెయిము పెట్టాలంటే అదే ఆధారం. గోతి దెబ్బకు పడిన బొబ్బను మామూలు వారంటీ కింద తీసుకోరు.

రెండే కొంటుంటే కొత్తవి వెనక వేయించండి. షాపులో ముందు వేస్తామంటారు, ఒప్పుకోకండి. ముందు టైర్లు జారితే కాలు తీసి వేగం తగ్గించుకోవచ్చు. తడి మలుపులో వెనకవి జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, అది మామూలు డ్రైవరు చేతిలో ఉండదు.

స్టెప్నీని కూడా చూడండి. అల్లాయ్ వీల్స్ ఉన్న కొన్ని బళ్లకు అది 165/80 ఆర్14 వస్తుంది. ఎత్తు దాదాపు సమానమే, వెడల్పే తక్కువ. దాని మీద వేగం పరిమితి చీటీ ఉంటే పాటించి, పంక్చరు వేయించుకోగానే తీసేయాలి, టైర్లు తిప్పేటప్పుడు దాన్ని వరసలో కలపకూడదు. వాడకపోయినా రబ్బరుకు వయసు పడుతుంది. అయిదేళ్లు దాటితే ఏటా పగుళ్లు చూడాలి, పదేళ్లకు ఎలా ఉన్నా తీసేయాలి. గాలి అయిదారు పీఎస్ఐ ఎక్కువే పెట్టి ఉంచండి. అవసరమైన రోజు తగ్గించుకోవడం తేలిక. రాత్రిపూట దారిలో గాలి ఎక్కించుకోవడానికి చోటు వెతుక్కోవడం కష్టం.