నికోటిన్ గమ్: డబ్బా మీది ధర, సిగరెట్ల అసలు ఖర్చు

మందుల షాపులో సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్ డబ్బా చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి ధర చూసి, మాట్లాడకుండా కౌంటర్ మీద పెట్టేసేవాళ్లు చాలామంది. అదే మనిషి బయటికొచ్చి సిగరెట్ పెట్టె కొంటాడు. ఇందులో పిసినారితనమేమీ లేదు. గమ్ ధర డబ్బా మొత్తానికి ఒక్కసారే కళ్లబడుతుంది. సిగరెట్ ఖర్చు మాత్రం పూటకింత చొప్పున జేబులోంచి జారిపోతుంది, దాన్ని కూర్చుని కూడేవాళ్లు లేరు. అందుకని గమ్ రుచి సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం.

రోజుకు 20 కాల్చేవాళ్లకు ఏడాదికి 7,300 సిగరెట్లు. పెట్టెకు 20 చొప్పున 365 పెట్టెలు, పదేళ్లకు 3,650. రోజుకు 10 అయితే అందులో సగం. మీరు కొనే పెట్టె ధరతో గుణించి చూడండి, నోటి లెక్క కాదు, కాగితం మీద. లైటర్లు, వాసన పోవడానికి నోట్లో వేసుకునేవి, నిప్పురవ్వ పడి చిల్లులైన చొక్కాలు ఇందులో కలపలేదు. అవీ కలిపితే తడిసి మోపెడవుతుంది.

ఇప్పుడు గమ్. మామూలు కోర్సు 12 వారాలు. మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒక బిళ్ల, 7 నుంచి 9 వారాల్లో 2 నుంచి 4 గంటలకొకటి, 10 నుంచి 12 వారాల్లో 4 నుంచి 8 గంటలకొకటి. మెలకువగా ఉండే 16 గంటలకు మధ్యస్థంగా వేసుకుంటే మొదటి దశలో రోజుకు 12 చొప్పున 504, రెండో దశలో 5 చొప్పున 105, మూడో దశలో 3 చొప్పున 63. మొత్తం 672 బిళ్లలు. అవే 84 రోజుల్లో రోజుకు 20 కాల్చే మనిషి తగలేసేది 1,680 సిగరెట్లు. 1,680ని 672తో భాగిస్తే రెండున్నర. అంటే ఒక్కో బిళ్ల ఖరీదు రెండున్నర సిగరెట్లంత ఉన్నా 12 వారాలు తిరిగేసరికి చెల్లుకు చెల్లు. 85వ రోజు నుంచి పెట్టె ధర పెట్టె ధరగా మీ జేబులోనే ఉంటుంది. రోజుకు 10 కాల్చేవాళ్లకు ఈ గీత ఒకటింబావు దగ్గర పడుతుంది. రోజుకు 5 కాల్చేవాళ్లకు పూర్తి కోర్సు ఆ 12 వారాల్లో గిట్టదు. బిళ్ల ధర ఒకటింబావు సిగరెట్లంత అనుకుంటే మిగతా సగం తీరడానికి ఇంకో 84 రోజులు పడుతుంది. నిజానికి అంత తక్కువ కాల్చేవాళ్లకు 672 బిళ్లలు అవసరం పడడం అరుదు.

కాబట్టి గమ్ ఖరీదైందన్న మాట నిలవదు. ఖరీదయ్యేది సగం సగం వాడకం. రోజుకు నాలుగు బిళ్లలు నమిలి, మధ్యలో ఆరు సిగరెట్లు కాల్చి, రెండు వారాలకు "ఇది పనిచేయదు" అని డబ్బా మూలన పడేస్తే రెండు ఖర్చులూ మీద పడ్డట్టే. మొదటి ఆరు వారాల్లో రోజుకు కనీసం 9 బిళ్లలు పడాలి. పైకి 24 దాటకూడదు.

దొరికేవి రెండు బలాలు: 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు. ఎక్కువమంది 2 కొంటారు, తక్కువది మంచిదేమోనని. ఎంచుకునే పద్ధతి అది కాదు. నిద్ర లేచిన 30 నిమిషాల్లోపు మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకు 4, అంతకంటే ఆలస్యంగా వెలిగించేవాళ్లకు 2. రోజుకు ఎన్ని కాలుస్తారన్నదానికంటే ఇదే నమ్మకమైన కొలత, ఎందుకంటే రక్తంలో నికోటిన్ దాదాపు రెండు గంటలకోసారి సగానికి పడిపోతుంది. రాత్రంతా నిద్రలో అడుగంటుతుంది. తెల్లారి లేవగానే చెయ్యి పెట్టె మీదికి పోయిందంటే ఒళ్లు దానికి ఎంత అలవాటుపడిందో తెలిసిపోతుంది. 4 కావాల్సిన మనిషి 2తో మొదలుపెడితే మూడో రోజుకే చేతులెత్తేస్తాడు. నెపం గమ్ మీద పడుతుంది.

ఇక నమలడం. పేరులో గమ్ అని ఉంది కాబట్టి అందరూ బబుల్‌గమ్‌లా ఆడిస్తారు, అక్కడే సగం డబ్బు పొట్టలోకి పోతుంది. రేకు చించి బిళ్లను నోట్లో వేసుకుంటే మొదటి కొరుకుడుకు గట్టిగా, కొంచెం పొడిపొడిగా ఉంటుంది. మెల్లగా పది పదిహేనుసార్లు నమిలేసరికి మిరియం కొరికినట్టు నాలుక పక్కన చురుక్కుమంటుంది. అక్కడ ఆగాలి. బిళ్లను బుగ్గకీ చిగురుకీ మధ్య నొక్కిపెట్టి ఊరుకోవాలి. నిమిషం అయ్యేసరికి చురుకు తగ్గుతుంది. మళ్లీ నాలుగైదుసార్లు నమిలి, ఈసారి రెండో బుగ్గన పెట్టాలి. ఇలా అరగంట. చురుకు ఇక రానప్పుడు బిళ్ల పని అయిపోయినట్టు.

ఈ తతంగం ఎందుకంటే నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండా రక్తంలోకి ఇంకాలి. ఆపకుండా నమిలితే ఉమ్ముతో కలిసి కడుపులోకి దిగుతుంది. అక్కడినుంచి కాలేయానికి పోయి చాలావరకు అక్కడే విరిగిపోతుంది. మీకు మిగిలేవి ఎక్కిళ్లు, వికారం, గుండెల్లో మంట. సరిగ్గా వాడినా 2 మిల్లీగ్రాముల బిళ్లలోంచి ఒంటికి పట్టేది సుమారు సగమే. అంటే ఉన్న కాస్తా వృథా చేసుకోవడమన్నమాట.

ఇంకో పెద్ద పొరపాటు కాఫీ. నికోటిన్ బుగ్గలోంచి బాగా ఇంకాలంటే నోరు కాస్త క్షార గుణంతో ఉండాలి. అందుకే బిళ్లలో కార్బొనేట్ లవణాలు కలుపుతారు. కాఫీ, పళ్ల రసం, కోలా లాంటివి పుల్లటి గుణంతో వాటి పనిని చెడగొడతాయి. బిళ్ల వేసుకునే ముందు 15 నిమిషాలు, నోట్లో ఉన్నంతసేపూ మంచినీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. పొద్దున కాఫీ తాగుతూ బిళ్ల నమిలేవాళ్లు ఉత్త రబ్బరు నములుతున్నట్టే.

కాఫీతో రెండో పేచీ కూడా ఉంది, దీన్ని డబ్బా మీద రాయరు. పొగలోని తారు పదార్థాలు కెఫీన్‌ను విరగ్గొట్టే కాలేయ ఎంజైమును ఉరకలెత్తిస్తాయి. పొగ ఆగిపోగానే ఆ వేగం తగ్గి, అదే రెండు కప్పుల కాఫీ ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది. చేతులు వణకడం, గుండె దడ, నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ "మానేసినందుకే" అనుకుని మళ్లీ వెలిగించేవాళ్లున్నారు. మానిన రోజునుంచే కాఫీని సగానికి తగ్గించి చూడండి. థియోఫిలిన్ (ఆయాసానికి వాడేది), క్లోజపిన్, ఒలాంజపిన్ (మానసిక జబ్బులకు వాడేవి) తీసుకునేవాళ్లకు మందు మోతాదే మార్చాల్సి రావచ్చు. అది డాక్టరు చూసుకోవాల్సిన పని, మానేసే రోజుకు ముందే చెప్పండి. గమ్‌లో నికోటిన్ ఉన్నా ఈ ప్రభావాన్ని ఆపదు, ఎందుకంటే దానికి కారణం నికోటిన్ కాదు, పొగ.

గమ్ నుంచి ఏం ఆశించాలో కూడా తెలిసి ఉండాలి. దమ్ము లాగిన 10, 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. గమ్‌కు రక్తంలో పైస్థాయికి రావడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. ఆ "కిక్కు" గమ్ ఎప్పటికీ ఇవ్వదు, ఇస్తుందని కొంటే నిరాశే. అది చేసేది చిరాకును, నోరు లాగడాన్ని ఓర్చుకోగలిగే స్థాయికి దించడం. అందుకే యావ పుట్టాక కాకుండా గడియారం చూసి ముందే వేసుకోవాలి. మొదటి మూడు రోజులు అన్నిటికంటే కష్టం, రెండు నుంచి నాలుగు వారాల్లో ఒళ్లు కుదుటపడుతుంది. ఒక్కో యావ ఉండేది కొద్ది నిమిషాలే.

మందుగా దీని బలమెంత? ఉత్తినే మానడంతో పోలిస్తే, నికోటిన్ ఉత్పత్తుల సాయంతో మానగలిగే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు. మంత్రమేమీ కాదు. గమ్ ఒక్కటే కంటే, చర్మానికి అతికించే నికోటిన్ ప్యాచ్, గమ్ కలిపి వాడితే ఫలితం మెరుగు. ప్యాచ్ రోజంతా సన్నగా నికోటిన్ ఇస్తూ ఉంటుంది, గమ్‌ను యావ ముంచుకొచ్చే వేళలకే దాచుకోవచ్చు. రోజుకు 10 దాటి కాల్చేవాళ్లు ప్యాచ్‌ను 21 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 14కు, 7కు దిగాలి. అతికించే చోటు రోజూ మార్చాలి, లేకపోతే చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. పీడకలలు వస్తుంటే పడుకునే ముందు తీసేస్తే సరి. రోజుకు 20 కాల్చేవాళ్లు ఒక్క గమ్ మీదే ఆధారపడడం మాత్రం మేం సిఫారసు చేయం.

గమ్ లోపాలు దాచాల్సిన పనిలేదు. సాదా రకం రుచి దారుణం, రబ్బరుకు కారం పూసినట్టుంటుంది. పుదీనా రకం మేలు. కట్టుడు పళ్లు, బ్రిడ్జిలు ఉన్నవాళ్లకు, దవడ కీలు నొప్పి ఉన్నవాళ్లకు ఇది అస్సలు నప్పదు. వాళ్లు చప్పరించే నికోటిన్ బిళ్లలు చూసుకోవాలి, వాటికి రోజుకు 20 హద్దు. ఇటీవల గుండెపోటు వచ్చినవాళ్లు, గుండె లయ తప్పేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. అన్నట్టు, ఇది మొదట పుట్టింది స్వీడన్‌లో, పొగ తాగే వీల్లేని జలాంతర్గామి నావికుల అవస్థ చూసి. అమెరికాలో 1984లో డాక్టరు చీటీ మీద, 1996 నుంచి చీటీ లేకుండా అమ్మకానికి వచ్చింది.

డబ్బు లెక్కలో చాలామంది మరిచేది జీవిత బీమా. పొగ తాగేవాళ్లకు ప్రీమియం ఎక్కువ. "తాగనివాళ్ల" రేటు ఇవ్వాలంటే చాలా కంపెనీలు 12 నెలలు నికోటిన్ లేకుండా ఉండాలంటాయి. పరీక్షించేది కొటినిన్, నికోటిన్ విరిగాక ఒంట్లో మిగిలే పదార్థం. గమ్ నమిలినా అది పాజిటివ్ వస్తుంది. కాబట్టి కోర్సు ముగిశాక 12 నెలలు లెక్కపెట్టుకుని దరఖాస్తు చేయండి, ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి. అబద్ధం రాస్తే ఆ క్లెయిము రేపు మీవాళ్లకు అందకపోవచ్చు.

పళ్ల డాక్టరు బిల్లు ఇంకో పద్దు. పొగ వల్ల చిగుళ్ల జబ్బు ముదురుతుంది, ఇంప్లాంట్లు నిలవకపోవడం ఎక్కువ. అన్నిటికంటే పెద్ద పద్దు ఆయుష్షు. బ్రిటన్ డాక్టర్లను 50 ఏళ్లు గమనించిన అధ్యయనం 2004లో తేల్చింది: మానకుండా కాల్చినవాళ్లు సగటున 10 ఏళ్లు ముందుగా పోతున్నారు. 60లో మానితే 3 ఏళ్లు, 50లో 6, 40లో 9, 30లో మానితే ఇంచుమించు మొత్తం 10 ఏళ్లూ వెనక్కి వస్తాయి. 40 దాటింది, ఇక మానినా ఏం లాభం అనేవాళ్లకు ఈ వరస చూపిస్తే చాలు.

చివరి మూడు వారాల్లో గమ్‌నూ వదలాలి. కొందరు ఏడాది తర్వాత కూడా నములుతూనే ఉంటారు. సిగరెట్ కంటే నయమే గానీ ఖర్చు ఆగదు. ఒకసారి నికోటిన్ బిళ్ల, ఒకసారి చక్కెర లేని మామూలు గమ్, ఇలా మార్చి మార్చి వేసుకుంటే లెక్క తెలియకుండా తగ్గుతుంది. నమిలేసిన బిళ్లలో ఇంకా నికోటిన్ మిగిలే ఉంటుంది, కాగితంలో చుట్టి పిల్లలకు, పెంపుడు జంతువులకు అందనిచోట పారేయాలి. కోర్సు అయ్యాక మిగిలిన రేకులోంచి రెండు బిళ్లలు కత్తిరించి, మళ్లీ యావ పుడితే అక్కరకొచ్చేలా పర్సులో ఉంచుకోండి, గడువు తేదీ అచ్చయిన ముక్క తెగిపోకుండా.