క్రూయిజ్ ఓడలో బాల్కనీ గది తీసుకుంటున్నారా? గది నంబరు తెలియకుండా డబ్బు కట్టకండి

క్రూయిజ్ ప్రయాణానికి బాల్కనీ ఉన్న క్యాబిన్ కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవాలని కోరుతున్నాను. బాల్కనీ గది అంటే గది వెలుపల రెండు కుర్చీలు వేసుకునే చోటు ఉంటుందనే అర్థం. ఆ కుర్చీలో కూర్చుంటే సముద్రం కనబడుతుందని ఎవరూ మాట ఇవ్వడం లేదు. ఈ తేడా మాకు ఓడ ఎక్కి, సామాను దించి, గదిలో తెర పక్కకు లాగిన తర్వాతే తెలిసింది.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. పై డెక్కుకు, అంటే ఓడ పై అంతస్తుకు, వెళ్లి గాలిలో నిలబడడం ఆమె వల్ల కాదు. కిటికీ మాత్రమే ఉన్న గది తక్కువ ధరకు వస్తున్నా బాల్కనీ గదికే మొగ్గు చూపడానికి కారణం అదే. ఏడు రోజులూ ఆమె ఉన్నచోటనే కూర్చుని సముద్రం చూడాలన్నది మా కోరిక. బుకింగ్ చేసేటప్పుడు ఒకే రకం బాల్కనీ గదికి రెండు ధరలు కనిపించాయి. ఒకదానిలో గది నంబరును మనమే ఎంచుకోవచ్చు. రెండోదానికి ‘గ్యారంటీ’ అని పేరు, ధర కూడా కొంత తక్కువ. గ్యారంటీ అన్నారు కాబట్టి మంచి గదికి పూచీ పడుతున్నారని నేను అర్థం చేసుకున్నాను. ఆ మాటకు అసలు అర్థం వేరు. మనం కొన్న రకంలోనో, అంతకు పై రకంలోనో ఏదో ఒక గది తప్పక ఇస్తామనడమే ఆ గ్యారంటీ. అది ఏ డెక్కులో, ఓడకు ఏ వైపున, దేని మీద, దేని కింద ఉండాలన్నది పూర్తిగా కంపెనీ నిర్ణయం. నంబరు ప్రయాణానికి కొన్ని రోజుల ముందు వస్తుంది, ఒక్కోసారి ఓడరేవుకు చేరాక గాని చెప్పరు. నచ్చలేదంటే మార్చే బాధ్యత వారి మీద ఉండదు. నంబరు ఎంచుకుని కొనేవారు మంచి గదులు ముందే తీసుకుంటారు గనుక, గ్యారంటీ కింద కొన్నవారికి చాలాసార్లు మిగిలిన గదులే దక్కుతాయి.

మాకు దక్కిన గది ఒక లైఫ్‌బోటుకు సరిగ్గా పైన ఉంది. బాల్కనీ తలుపు జరపగానే ఎదుట నారింజ రంగు పైకప్పు, దానికి అటూ ఇటూ పడవను వేలాడదీసే తెల్లటి ఉక్కు చేతులు. ఆ పైకప్పు మీద ఒక పల్లంలో వాన నీరు నిలిచి, ఇంజన్ అదురుకు సన్నగా వణుకుతూ ఉండేది. సముద్రం చూడాలని వచ్చిన అమ్మకు ఆ గుక్కెడు నీరు చూపించవలసి వచ్చిందన్న బాధ నాకు ఇంకా పోలేదు.

లైఫ్‌బోటు అంటే చిన్న పడవ అనుకోకూడదు. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఒక్కొక్కటి 150 మంది దాకా పట్టేలా కడతారు. 2009లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్ వంటి భారీ ఓడలకు ప్రత్యేక అనుమతితో 370 మంది పట్టేవి అమర్చారు. అలాంటిది ఎదురుగా వేలాడుతుంటే, కిందికి చూసినప్పుడు కనబడవలసిన నీరంతా దాని వెనక్కి పోతుంది. మిగిలేది దూరాన ఆకాశమూ నీరూ కలిసే గీత ఒక్కటే.

మా గదిలో కూర్చుంటే ఆ గీత కూడా కనబడలేదు, ఎందుకంటే బాల్కనీ ముందు భాగంలో ఉన్నది గాజు కాదు, ఉక్కు పలక. అమెరికా 2010లో చేసిన క్రూయిజ్ ఓడల భద్రతా చట్టం రెయిలింగ్ కనీసం 42 అంగుళాల ఎత్తు ఉండాలంటుంది. మనుషుల ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి ఆ ఎత్తు అవసరమే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అదే ఎత్తులో గాజు ఉంటే కూర్చున్నా, పడుకున్నా నీళ్లు కనబడతాయి. ఉక్కు ఉంటే కుర్చీలో వెనక్కి ఆనుకున్న మనిషికి ఆకాశం తప్ప మరేమీ కనబడదు. అమ్మ కుర్చీలో రెండు దిండ్లు పెట్టి, పైన దుప్పటి మడిచి వేశాం. ఆమె చూపు రెయిలింగ్ దాటింది గాని కాళ్లు నేలకు అందలేదు. పావుగంటకే మోకాళ్లు లాగుతున్నాయంటూ లోపలికి వచ్చేసింది. గది చూసేటప్పుడు చాలామంది బాల్కనీ కొలతలు అడుగుతారు. నన్నడిగితే కొలతల కన్నా ముందు అడగవలసింది, ముందు భాగం గాజా, ఉక్కా అని.

రాత్రిళ్లు ఇంకో ఇబ్బంది. లైఫ్‌బోట్లు ఉండే చోటికి దగ్గరలోనే చాలా ఓడల్లో హాళ్లు, బార్లు, థియేటరు ఉంటాయి. మా కింది డెక్కులో డ్యాన్స్ హాలు ఉంది. పాట వినబడేది కాదు, డ్రమ్ము దెబ్బ మాత్రం మంచం కోళ్ల గుండా తలగడ దాకా వచ్చేది.

నాలుగో రోజున ఓడ రేవు గట్టుకు చేరలేక కొంత దూరంలో లంగరు వేసింది. ఇలాంటి చోట్ల ప్రయాణికులను చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. చాలా ఓడల్లో లైఫ్‌బోట్లలో కొన్నిటినే ఈ పనికి వాడతారు. తెల్లవారకముందే మా బాల్కనీ ముందు కప్పీలు కీచుమన్నాయి, సిబ్బంది కేకలు వినిపించాయి, మోటారు మోతతో పడవ మెల్లగా కిందికి దిగిపోయింది. చూస్తే ఎదురుగా అడ్డమేమీ లేదు. అమ్మ లేచి వచ్చి, రెయిలింగ్ పట్టుకుని, నొప్పిని లెక్కచేయక అరగంటకు పైగా నిలబడింది. ఒడ్డున కొండ, దాని కింద తెల్లటి ఇళ్లు, మధ్యలో ఆకుపచ్చగా మెరిసే నీళ్లు. ఒడ్డుకు వెళ్దామా అంటే వద్దంది. సాయంత్రం పడవ మళ్లీ పైకి వచ్చే దాకా కూర్చుంటూ లేస్తూ అక్కడే గడిపింది. ఏడు రోజులకు డబ్బు కట్టి మేము పొందినది ఆ ఒక్క పగలు.

మొదటి రోజునే రిసెప్షన్‌కు వెళ్లి గది మార్చమని అడిగాను. మర్యాదగానే మాట్లాడారు గాని, ఓడ నిండిపోయిందన్నారు. తర్వాత షరతులు తీసి చూపించారు. గ్యారంటీ కింద ఇచ్చే బాల్కనీ గదుల్లో దృశ్యానికి అడ్డు ఉన్నవి కూడా ఉండవచ్చునని అందులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని ధర పక్కన కాకుండా పేజీ అడుగున, చదవడానికి కళ్లు చిట్లించవలసినంత చిన్న అక్షరాల్లో పెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. అయినా రాసి ఉంది గనుక నా వాదన నిలవలేదు.

ఇంటికి వచ్చాక ఆ ఓడ డెక్ ప్లాన్, అంటే ఏ డెక్కులో ఏది ఎక్కడ ఉందో చూపే పటం, ముందు వేసుకుని కూర్చున్నాను. ముందే చేయవలసిన పని అది. మా గది మీద చిన్న త్రిభుజం గుర్తు ఉంది. గుర్తుల వివరణలో దానికి ‘అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ’ అని రాశారు, అంటే ఎదుట అడ్డు ఉన్న గది. ఈ గుర్తు కంపెనీకి ఒక రకంగా ఉంటుంది కాబట్టి పటం ఒక్కటే చూస్తే చాలదు, గుర్తుల వివరణ కూడా చదవాలి. పటంలో గుర్తు లేకపోయినా నిశ్చింతగా ఉండకూడదు. ఓడను పక్క నుంచి తీసిన ఫోటో ఒకటి వెతికి, లైఫ్‌బోట్లు ఏ డెక్కు ఎత్తులో, ముందు నుంచి ఎంత దూరాన మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో చూడండి. ఏ బాల్కనీలకు గాజు ఉంది, ఏ వాటికి ఉక్కు ఉంది అన్నది కూడా ఆ ఫోటోలో స్పష్టంగా తెలుస్తుంది. ఆ తర్వాత ఎంచుకున్న గదికి పై డెక్కునూ, కింది డెక్కునూ పక్కపక్కన పెట్టి పరిశీలించండి. పైన ఈత కొలను ఉంటే తెల్లవారేసరికి కుర్చీలు ఈడ్చే చప్పుడు వస్తుంది. పైన వంటశాల ఉంటే బండ్లు రాత్రంతా తిరుగుతాయి. పటంలో పేరేమీ రాయకుండా ఖాళీగా వదిలిన చోటు మీ గది పక్కన ఉంటే, అక్కడ సిబ్బంది పనిచేసే గదులు ఉండవచ్చు, అడిగి తెలుసుకోవాలి. పైనా కిందా గదులే ఉన్న డెక్కు అన్నిటికన్నా క్షేమం. రెండు గదుల మధ్య తలుపు ఉన్న క్యాబిన్‌లో అవతలివారి మాటలు స్పష్టంగా వినబడతాయి, దానికీ పటంలో గుర్తు ఉంటుంది.

బాల్కనీ అన్న ఒక్క పేరు కింద ఎన్ని రకాలు అమ్ముతారో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒయాసిస్ తరగతి ఓడల్లో కొన్ని బాల్కనీలు సముద్రం వైపు కాకుండా ఓడ నడుమ ఉన్న తోట వైపు, నడకదారి వైపు తెరుచుకుంటాయి. అక్కడ కూర్చుంటే ఎదుటి గదులవారు మనకూ, మనం వారికీ కనబడతాం. 2018లో వచ్చిన సెలెబ్రిటీ ఎడ్జ్ అనే ఓడలో ‘ఇన్ఫినిట్ వరండా’ అన్నది గదికే కలిసిపోయిన చోటు. మీట నొక్కితే నిలువెత్తు గాజులో పై సగం కిందికి దిగుతుంది. గాజు దింపినంత సేపు గదిలో ఏసీ ఆగిపోతుంది, వాతావరణం బాగా లేకపోతే సిబ్బంది దాన్ని మూసి ఉంచగలరు. గదికి చోటు కలిసివస్తుందని దాన్ని మెచ్చుకునేవారు ఉన్నారు, కానీ తలుపు తీసుకుని బయటికి అడుగు పెట్టాలనుకునేవారికి అది సరిపోదు. ‘ఫ్రెంచ్ బాల్కనీ’ అంటే తలుపు తీస్తే వెంటనే రెయిలింగ్, కుర్చీ పట్టదు. కార్నివాల్ కంపెనీ ఓడల్లో ‘కోవ్ బాల్కనీ’ అన్నవి నీటికి దగ్గరగా, ఓడ పొట్టలో తొలిచినట్టుంటాయి. గాలి తక్కువ, అలల చప్పుడు పక్కనే వినిపిస్తుంది, కానీ ముందు భాగం ఉక్కు. నిలబడి చూసేవారికి అవి ఎంత బాగుంటాయో, మా అమ్మలాంటివారికి అంత పనికిరావు.

ఓడ వెనుక భాగంలోని బాల్కనీలను చాలామంది కోరుకుంటారు. ఓడ చీల్చుకు వచ్చిన తెల్లటి నురుగు దారి కంటికి అడ్డం లేకుండా కనబడుతుంది, చోటు కూడా తరచు పెద్దది. అయితే ప్రొపెల్లర్ల అదురు అక్కడ ఎక్కువ, పొగగొట్టం మసి కుర్చీల మీద పడవచ్చు. మెట్లు మెట్లుగా కట్టిన ఓడల్లో పై బాల్కనీలవారికి కింది బాల్కనీ మొత్తం కనబడుతుంది. ముందు వైపువాటిలో ఓడ నడుస్తున్నంత సేపు గాలి దెబ్బకు కూర్చోవడం కష్టం. అవి ఓడ నడిపేవారి గదికి కింద ఉంటాయి గనుక, వెలుతురు వారి చూపుకు అడ్డు రాకుండా రాత్రి తెరలు వేసి ఉంచమంటారు. ఊగుడు పడనివారికి కింది డెక్కుల్లో ఓడ నడిమి భాగమే మేలు.

ఎడమ వైపా, కుడి వైపా అన్నది ప్రయాణ మార్గాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. అలాస్కాకు ఒకే దిశలో ఉత్తరంగా వెళ్లే ఓడలో తీరం ఎక్కువగా కుడి వైపున ఉంటుంది, తిరిగి దక్షిణానికి వచ్చే ఓడలో ఎడమ వైపున. తీరానికీ దీవులకూ మధ్య సాగే ఇన్‌సైడ్ పాసేజ్ అనే జలమార్గంలో మాత్రం ఇరువైపులా నేల కనిపిస్తుంది, గ్లేసియర్ బే అనే అఖాతంలో ఓడను తిప్పి రెండు వైపులవారికీ హిమానీనదం చూపిస్తారు. వెళ్లిన దారినే తిరిగి వచ్చే ప్రయాణమైతే వైపు గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. ఉత్తరార్ధగోళంలో పడమరకు సాగే ఓడలో పగటి ఎండ ఎడమ వైపు బాల్కనీల మీద పడుతుందన్నది గుర్తుంచుకుంటే చాలు.

నంబరు ఎంచుకుని కొన్నవారికి కూడా ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రయాణం దగ్గర పడ్డాక ఉచితంగా పై రకం గదికి మారుస్తున్నామంటూ సందేశం రావచ్చు. పై రకం అంటే ధరల పట్టికలో పైన అని అర్థం. మీరు వెతికి పట్టుకున్న నిశ్శబ్దమైన చోటు పోయి, డ్యాన్స్ హాలు మీది గది రావచ్చు. ఎంచుకున్న గదిలోనే ఉంటామని, తమను అడగకుండా మార్చవద్దని బుకింగ్‌లో నమోదు చేయమని ఏజెంటును అడగండి. నోటి మాట మీద ఆగకుండా రాతపూర్వకంగా తీసుకోండి. గది విషయంలో ఏ అనుమానం ఉన్నా చివరి వాయిదా కట్టడానికి ముందే తేల్చుకోండి. ఆ తేదీ దాటితే రద్దు రుసుము మొదలవుతుంది, మన మాటకు బలం తగ్గుతుంది.

మేము మళ్లీ వెళ్తున్నాం. ఈసారి డెక్ ప్లాన్‌ను పెద్దదిగా ప్రింటు తీసి అమ్మ ముందు పరిచాను. నేను చూపించిన మొదటి గది మీద వేలు పెట్టి, దీని కింద ఏముందని అడిగింది. థియేటరు అన్నాను. వద్దంది. రెండోదాని ముందు భాగం గాజేనా అని అడిగింది, ఓడ ఫోటో తెచ్చి చూపించాను. లైఫ్‌బోట్లకు మూడు డెక్కుల పైన, నడిమి భాగంలో, పైనా కిందా గదులే ఉన్న క్యాబిన్‌ను ఆమే ఎంపిక చేసింది. నంబరుతో సహా రాతలో వచ్చిన తర్వాతే డబ్బు కట్టాను.