పట్టా మేలా, కట్టుబాటు మేలా? ఇండోనేసియా జాలరి పల్లెల్లో ఆస్తి లెక్క

ఇండోనేసియాలో ఏ తీరానికి వెళ్లినా జాలరి కుటుంబానికి రెండు రకాల ఆస్తి కనిపిస్తుంది. ఇల్లూ, ఇంటి కింద జాగా మొదటిది. పడవ లాగి నిలిపే ఇసుక, వల ఆరేసుకునే చోటు, చేప ఎండబెట్టుకునే తావు, ఎదురుగా ఉన్న నీళ్లు రెండోది. మొదటిదాన్ని కాగితం మీద రాసుకోవచ్చు. రెండోది ఏ ఒక్కరి పేరునా ఉండదు. అది పోతే మాత్రం ఇల్లు ఎంత పదిలంగా ఉన్నా పొయ్యి వెలగదు. ఈ రెంటినీ నిలుపుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే పట్టాను నమ్ముకోవాలా, తాతల నాటి ఊరి కట్టుబాటును నమ్ముకోవాలా?

ముందు పట్టా సంగతి. 1960 నాటి భూమి మూల చట్టం ప్రకారం అక్కడ అన్నిటికంటే గట్టి హక్కు పేరు 'హక్ మిలిక్'. మన 'హక్కు' ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ 'హక్' కూడా అక్కణ్ణుంచే, అరబ్బీ నుంచే వచ్చింది. దీనికి గడువు లేదు. వారసులకు వెళ్తుంది, అమ్ముకోవచ్చు, బ్యాంకులో తనఖా పెట్టుకోవచ్చు. విదేశీయుడికి ఇవ్వరు. చాలా పల్లెల్లో జనం పెట్టెల్లో దాచుకున్నది మాత్రం 'గిరిక్' అనే పాత కాగితం. అది పన్ను కట్టినట్టు చూపించే రుజువు. మన దగ్గర శిస్తు రసీదు పట్టుకుని భూమి నాదే అన్నట్టన్నమాట. ఇలాంటి పాత కాగితాలున్నవాళ్లు 5 ఏళ్లలో భూమిని రిజిస్టరు చేయించుకోవాలని 2021లో నిబంధన వచ్చింది. ఆ గడువు 2026 ఫిబ్రవరి 2తో తీరింది. ఇక మీదట గిరిక్ హక్కుకు రుజువు కాదు, పట్టాకు దరఖాస్తు పెట్టుకునేటప్పుడు ఒక ఆధారంగా పనికొస్తుంది. అందుకే దాన్ని ఈ పోలికలోంచి తీసేస్తున్నాను. గిరిక్ మీదే ఆధారపడ్డ కుటుంబానికి, 2017 నుంచి ఊళ్లకు ఊళ్లు కొలిచి పట్టాలిస్తున్న ప్రభుత్వ కార్యక్రమంలో పేరు రాయించుకోవడమే దారి.

పట్టా ఉంటే వచ్చే మొదటి లాభం అప్పు దగ్గర తెలుస్తుంది. సులవేసి ద్వీపం దక్షిణ భాగంలో 'పుంగ్గావా' అనే పెద్దమనిషి ఉంటాడు. పడవకూ వలకూ ఇంజనుకూ పెట్టుబడి ఆయనదే. ఆయన కింద వేటకు వెళ్లేవాళ్లు 'సావి'లు. ఇంట్లో జబ్బు చేసినా, పెళ్లి వచ్చినా చేతికి డబ్బిచ్చేదీ ఆయనే. బదులుగా చేప ఆయనకే వెయ్యాలి, ఆయన చెప్పిన ధరకే వెయ్యాలి. మన తీరంలో షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్లకు ఈ ముడి గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. పట్టా చేతిలో ఉన్న కుటుంబానికి ఈ ముడి విప్పుకునే అవకాశం ఒకటి దొరుకుతుంది, బ్యాంకుకు వెళ్లొచ్చు.

అయితే అందులోనే ముల్లుంది. పట్టాను తనఖా పెట్టడాన్ని ఇండోనేసియా జనం 'బడికి పంపడం' అంటారు. బడికి వెళ్లిన పట్టా తిరిగి ఇంటికి రావాలంటే నెలనెలా వాయిదా కట్టాలి. జావా ఉత్తర తీరంలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పడమటి గాలి విసురుతుంది, చిన్న పడవలు ఒడ్డునే పడి ఉంటాయి. వేటకు సెలవుంది గానీ వాయిదాకు సెలవు లేదు. వాయిదాలు తప్పితే జాగా అమ్మకానికి వస్తుంది. ఒడ్డు జాగాకు కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కంపెనీలకు హక్ మిలిక్ రాదు కాబట్టి వాళ్లు ఆ భూమిని 'కట్టడాల హక్కు' కిందికి, అంటే నేల మీద కట్టుకోవడానికి గడువు పెట్టి ఇచ్చే హక్కు కిందికి మార్పించుకుంటారు. 30 ఏళ్లు, పొడిగింపు 20, మళ్లీ కొత్తగా 30, అంటే 80 ఏళ్లు. జాలరి ఇంట్లో మూడు తరాలు గడిచిపోతాయి.

పట్టాకు ఇంతకంటే పెద్ద లోపం ఇంకొకటుంది. అది మధ్య జావాలోని డెమాక్ జిల్లాకు వెళ్తే కళ్లకు కడుతుంది. అక్కడ సాయుంగ్ ప్రాంతంలో బెదోనో, తింబుల్‌స్లోకో అనే పల్లెలు. ఒకప్పుడు వరి పండిన నేల. రొయ్యల చెరువుల కోసం మడ అడవులు కొట్టేశారు. పక్కనున్న సెమరాంగ్ వైపు భూగర్భ జలాలు విపరీతంగా తోడారు. అడుగున ఇంకా గట్టిపడని ఒండ్రు మట్టి. కొన్నిచోట్ల నేల ఏటా 10 సెంటీమీటర్ల దాకా కుంగుతోంది. పోటు నీరు ఊళ్లోకి వస్తుంది, దాన్ని 'రోబ్' అంటారు. ఇంట్లో గచ్చు ఎత్తు పెంచుకుంటారు, రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ పెంచుకుంటారు. గచ్చు పైకి లేస్తున్నకొద్దీ పైకప్పు తలకు తగిలేంత దగ్గరవుతుంది. వీధులుండాల్సిన చోట చెక్క వంతెనలు, పిల్లలు బడికి పోవాలంటే పడవ. పెద్దల సమాధులను కూడా నీటిలోంచి పైకెత్తి కాపాడుకోవాల్సి వచ్చింది. ఈ ఊళ్ల గురించి చదివినప్పుడల్లా ఉప్పాడలో కోసుకుపోయిన వీధులు గుర్తొచ్చి మనసు బరువెక్కుతుంది.

ఆ నేలకు పట్టాలున్నాయి. కానీ 1960 చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం భూమి నాశనమైపోతే హక్ మిలిక్ కూడా అంతటితో పోతుంది. దాన్ని 'తనా ముస్నా' అంటారు, అంటే లేకుండా పోయిన నేల. ఎవరి తప్పు వల్ల కుంగిందో ఆ సెక్షన్ అడగదు. తోడిన నీళ్లు ఎవరివో, కొట్టిన మడ చెట్లు ఎవరివో అడగదు. 'మీ నేల ఇక లేదు' అని నిర్ణయం వస్తే పెట్టెలో పదిలంగా ఉన్న పట్టా ఉత్త కాగితం. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. మునిగిన నేలను తర్వాత రోడ్డుకో గోడకో వాడుకునేటప్పుడు పాత యజమాని సాయం కోసం చెయ్యి చాచి నిలబడాల్సి రావడం ఏ లెక్కకూ సరిపోదు.

ఇక రెండో వైపు. మలుకు దీవుల్లో 'హరుకు' అని ఒక చిన్న ద్వీపం, అదే పేరుతో ఒక ఊరు. అక్కడి ఏట్లోకి 'లొంపా' అనే చిన్న చేప గుంపులు గుంపులుగా వస్తుంది. పగలంతా ఏట్లో, రాత్రి సముద్రంలో మేతకు. పిల్ల చేపలు ఒడ్డున కనిపించడంతోనే ఊరు 'ససి' విధిస్తుంది. ససి అంటే నిషేధం. కొన్ని నెలల పాటు ఆ చేపను ఎవరూ ముట్టరు. 'కెవాంగ్' అనే కాపలా పెద్దలు ఏటినీ ఒడ్డునూ చూసుకుంటారు, తప్పు చేసినవాళ్లకు శిక్ష వేస్తారు. చేప ఎదిగాక డప్పు కొట్టి ససి ఎత్తేస్తారు, ఊరంతా కలిసి ఏట్లోకి దిగుతుంది. 1985లో ఈ ఊరికి పర్యావరణానికిచ్చే జాతీయ పురస్కారం 'కల్పతరు' వచ్చింది. ఏ సర్వే నంబరూ లేని నీళ్లను ఇన్ని తరాలు ఎండిపోకుండా, ఎవరి చేతికీ చిక్కకుండా కాచింది ఈ కట్టుబాటే. ఏ పట్టా ఈ పని చేయలేదు. పట్టా పంచుతుంది. ఏట్లో చేపను వాటాలు వేసి పంచితే ఇంకేముంటుంది?

మరి కట్టుబాటుకు లోపం లేదా అంటే ఉంది. ఊరివాళ్లు మాట వింటారు, బయటివాడు వినడు. భూమి కార్యాలయం పటంలో ససి కనిపించదు. కట్టుబాటు బలహీనపడ్డ తీరంలో ఏం జరుగుతుందో 2025 జనవరిలో దేశమంతా చూసింది. జకార్తా పక్కనే, బాంతెన్ రాష్ట్రంలోని తంగెరాంగ్ తీరంలో సముద్రం మధ్యన 30.16 కిలోమీటర్ల వెదురు కంచె బయటపడింది. పడవలు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది, దానికి అదనంగా డీజిలు కాలింది. విచారిస్తే కోహొద్ పల్లె ఎదుట నీళ్ల మీద 263 కట్టడాల హక్కు పత్రాలు, 17 హక్ మిలిక్ పత్రాలు ఉన్నాయని తేలింది. నీళ్ల మీద పట్టాలు! తీరజలాలను కంపెనీలకు హక్కుగా రాసిచ్చే చట్ట నిబంధనలను రాజ్యాంగ న్యాయస్థానం 2011లోనే కొట్టేసింది. అయినా కాగితాలు పుట్టాయి. చివరికి నావికాదళం జాలర్లతో కలిసి కంచె పీకింది, ప్రభుత్వం పత్రాల రద్దు మొదలుపెట్టింది. ఇలాంటి చోట ఊరికి తన ఒడ్డు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకో రాతపూర్వకంగా ఉండి ఉంటే మొదటి వెదురు బొంగు దగ్గరే అడ్డుకోగలిగేవాళ్లు.

పడవ సంగతి ఒక్క మాటలో. 1964 నాటి వాటాల చట్టం ప్రకారం ఖర్చులు పోను మిగిలిన దాంట్లో తెరచాప పడవైతే కనీసం 75 శాతం, ఇంజను పడవైతే కనీసం 40 శాతం వేటకు వెళ్లినవాళ్లది. పుంగ్గావా పుస్తకంలో లెక్క రాసే చోట ఈ చట్టం కన్నా పాత అప్పు బరువే ఎక్కువ.

పట్టా, కట్టుబాటు రెండూ కలిసి పనిచేసిన చోటు సుమత్రా ద్వీపం ఉత్తర కొసన ఉన్న ఆచే. 2004 డిసెంబరు 26న మన తీరాన్ని కొట్టిన అదే సునామీ. మన ఆంధ్రప్రదేశ్‌లో వందమందికి పైగా పోయారు, ఇండోనేసియాలో లక్షా 60 వేలకు పైగా. హద్దురాళ్లు, భూమి దస్త్రాలు, సాక్ష్యం చెప్పాల్సిన పెద్దలు అన్నీ అలతో పోయాయి. ఒడ్డు నుంచి 2 కిలోమీటర్ల దాకా ఇళ్లు కట్టకూడదని ప్రభుత్వం ముందు అనుకుంది, జాలర్లు ఒప్పుకోకపోవడంతో వెనక్కి తగ్గింది. తర్వాత ఊరివాళ్లే కలిసి కూర్చుని ఎవరి హద్దు ఎక్కడో తేల్చుకున్నారు, దాని మీద అధికారులు కొలిచి పట్టాలిచ్చారు. సముద్రం మాత్రం 'పాంగ్లిమా లావోత్' అనే సంప్రదాయ పెద్దల చేతిలోనే ఉండిపోయింది. శుక్రవారం ప్రార్థన అయ్యేదాకా అక్కడ వేట లేదు. డిసెంబరు 26న కూడా ఎవరూ సముద్రంలోకి వెళ్లరు.

నన్ను అడిగితే ఇంటి జాగాకు పట్టానే మేలంటాను. భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి, చేప ఎండబెట్టి అమ్మి ఇల్లు నడిపేది ఆమె కాబట్టి. దాన్ని బడికి పంపేముందు పడమటి గాలి నెలలు లెక్కపెట్టుకోవాలి. ఒడ్డుకూ నీళ్లకూ మాత్రం ఏ ఒక్కరి పేరునా పట్టా వద్దు, అది కట్టుబాటు కిందే ఉండాలి. కాకపోతే ఆ కట్టుబాటును జిల్లా దస్త్రాల్లో ఊరి పేరున నమోదు చేయించుకోవాలి. ఇక తింబుల్‌స్లోకో వాళ్లకు ఈ రెండు మాటలూ చాలవు. వాళ్లలో కదలాలనుకున్నవాళ్లకు ఏటి ఒడ్డునే, పడవ కట్టుకోగలిగినంత దగ్గర్లో జాగా ఇవ్వాలి. మునిగిన పట్టా రద్దయ్యేలోపే ఇవ్వాలి.